గ్లైడర్ అందం ఎవరు నేర్పారు?

గోల్కొండ కోట మీద సరిగ్గా వెయ్యి మీటర్ల ఎత్తున ఒక గ్లైడర్‌ను వదిలారనుకుందాం. ఇంజను లేదు, గాలిలో కదలిక లేదు. సంగారెడ్డి వైపు తిన్నగా సాగనిద్దాం. అమెరికాలో 1954లో పుట్టిన ష్వైజర్ 1-26 అయితే పటాన్‌చెరు దాటగానే నేలకు దిగుతుంది. పోలండ్‌లో తయారైన పీడబ్ల్యూ-5 అక్కడి నుంచి ఇంకో తొమ్మిది కిలోమీటర్లు పోతుంది. 1960ల నాటి జర్మన్ లిబెల్ సంగారెడ్డి చేరువకు వస్తుంది. 30.9 మీటర్ల రెక్కతో 2000లో తొలిసారి ఎగిరిన ఈటా అయితే సదాశివపేటను కూడా దాటుకుని పోతుంది. ఒక మీటరు ఎత్తు కోల్పోయేలోగా ఎన్ని మీటర్లు ముందుకు పోగలదో చెప్పేదే గ్లైడ్ నిష్పత్తి. పైన చెప్పిన నాలుగింటికీ అది సుమారుగా 23, 32, 38, 70.

గ్లైడర్ అంటే దూరం పోవడమే అయితే ఈ నాలుగు అంకెలతో కథ ముగియాలి. పెద్ద అంకెకు పెద్ద ప్రేమ, చిన్న అంకెకు చిన్న ప్రేమ దక్కాలి. జరిగింది వేరు. అన్నిటికంటే వెనుకబడిన 1-26కు సొంత సంఘం ఉంది, సొంత పోటీలు ఉన్నాయి, దాన్ని అమ్ముకోవడానికి మనసొప్పని యజమానులు ఉన్నారు. దానికంటే మెరుగ్గా ఎగిరే పీడబ్ల్యూ-5 మాత్రం ‘పొట్టిది’, ‘బొద్దుది’, ‘బొమ్మలా ఉంది’ అనిపించుకుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఈ వ్యాసం.

ముందుగా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. విమానయాన సంస్థ విమానం కొనేటప్పుడు ఒక్కో సీటుకు, ఒక్కో కిలోమీటరుకు ఖర్చెంతో చూస్తుంది. ముక్కు బాగుందా, తోక బాగుందా అని డైరెక్టర్ల సమావేశంలో ఎవరూ అడగరు. గ్లైడర్ సంగతి అది కాదు. అది ఒకరినో ఇద్దరినో మోస్తుంది. బయలుదేరిన మైదానానికే తిరిగి వస్తుంది. సరుకు మోయదు, ఊరు చేర్చదు. కొనేవాడు సొంత డబ్బు పెట్టి కొనుక్కుంటాడు, ఏడాదిలో ఎక్కువ రోజులు దాన్ని పెట్టెలాంటి ట్రైలర్‌లో దాచుకుంటాడు. రెక్కలు బిగించేటప్పుడు, తుడిచేటప్పుడు, విప్పేటప్పుడు దాన్ని కళ్లారా చూస్తాడు. చాలామంది యజమానుల విషయంలో ఇలా నేల మీద చూసిన గంటలే గాలిలో గడిపిన గంటల కంటే ఎక్కువ. కాబట్టి ‘మనసుకు నచ్చింది, కొన్నాను’ అనే మాటను గ్లైడర్ విషయంలో తెలివితక్కువతనంగా కొట్టేయలేం. ఆనందం కోసం కొనే వస్తువును ఆనందంతో కొలవకపోతే దేనితో కొలుస్తాం?

హైదరాబాద్ ఆకాశంలో పెద్ద గ్లైడర్లు కనిపించడం అరుదు. అయినా ఈ విషయం మనకు కొత్తదేమీ కాదు. వేసవి మధ్యాహ్నం రాళ్ల గుట్టలు కాగినప్పుడు పైకి లేచే వేడిగాలిని పట్టుకుని, రెక్క ఆడించకుండా గద్దలు గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకు పోవడం నగరంలో ఎక్కడి నుంచైనా చూడవచ్చు. గ్లైడర్ చేసే పని సరిగ్గా అదే. ఆదివారం ఉదయం నగర శివార్లలోని ఖాళీ భూముల్లో రేడియోతో నడిపే చిన్న గ్లైడర్లను ఎగరేసేవాళ్లు చేరతారు. కొత్త నురుగు (ఫోమ్) గ్లైడర్ అట్టపెట్టె నుంచి బయటికి రాగానే చుట్టూ ఉన్నవాళ్ల నోటి నుంచి వచ్చే మొదటి మాట దాని బరువు గురించీ కాదు, రెక్క పొడవు గురించీ కాదు, రూపం గురించి. కాసేపయ్యాక గానీ లెక్కలు మొదలుకావు.

సంక్రాంతి ముందు ధూల్‌పేటలోనో గుల్జార్ హౌజ్ దగ్గరో పతంగులు కొనేవాళ్లను గమనిస్తే ఈ ‘చూపు’లో రెండు రకాలున్నాయని తెలుస్తుంది. పిల్లలు రంగు చూస్తారు. ఏళ్ల తరబడి ఎగరేసినవాళ్లు పతంగిని వెలుతురుకు ఎత్తిపట్టి, వెదురు పుల్ల రెండు వైపులా ఒకేలా వంగిందా లేదా చూసి, నచ్చకపోతే పక్కన పెడతారు. ఇద్దరూ కంటితోనే తేల్చుకుంటున్నారు, ఇద్దరూ ‘ఇది బాగుంది’ అనే అంటున్నారు. మొదటివారి కన్ను రంగుల దగ్గరే ఆగిపోయింది, రెండోవారి కన్ను ఇంతకుముందు ఎగిరిన, తెగిన, గింగిరాలు కొట్టి కూలిన పతంగులన్నిటినీ గుర్తుచేసుకుంది. గ్లైడర్ల అందం గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు చూపులూ కలిసిపోతాయి. చిక్కంతా అక్కడే.

కన్నూ గాలీ ఒప్పుకునే చోట

చూడటానికి అందంగా ఉన్న విమానం ఎగరడానికీ బాగుంటుందని విమాన నిర్మాతల్లో ఒక పాత నానుడి ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన మార్సెల్ దస్సో అన్నట్లుగా అది తరచు చెలామణి అవుతుంది. ఎవరన్నా సరే, అందులో సగం నిజం ఉంది.

ఆ సగం ఎందుకు నిజమో చూద్దాం. రెక్క గాలిని కిందికి నెట్టి తాను పైకి నిలుస్తుంది. ఆ క్రమంలో రెక్క చివరల దగ్గర గాలి సుడులు తిరుగుతుంది, ఆ సుడులకు పోయే శక్తి విమానాన్ని వెనక్కి లాగుతుంది. ఒకే బరువు, ఒకే వేగం అయితే ఈ లాగుడు రెక్క పొడవు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. పొడవు రెట్టింపైతే లాగుడు నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి నిదానంగా ఎగిరే గ్లైడర్‌కు పొడవాటి, సన్నటి రెక్క వరం. మన కంటికి కూడా సన్నగా సాగిన గీత హుందాగా కనిపిస్తుంది. ఇక్కడ లెక్కా చూపూ ఒకే మాట చెబుతున్నాయి.

నునుపు విషయంలోనూ అంతే. రెక్క ముందు భాగంలో గాలి పొరలు పొరలుగా, ఒకదానిపై ఒకటి జారుతూ పోతే రాపిడి తక్కువ. చిన్న గరుకు తగిలినా ఆ పొరలు చెదిరిపోతాయి. రెక్క అంచుకు అతుక్కున్న పురుగులు కూడా పనితీరును దెబ్బతీస్తాయి కాబట్టి, పోటీ గ్లైడర్లలో ఎగురుతుండగానే దారంతో లాగి రెక్క అంచును తుడిచే చిన్న పరికరాలు పెడతారు. నునుపైన మెరుపు చూసి మనసు పారేసుకున్నవాడు తనకు తెలియకుండానే సరైన కారణానికి పారేసుకున్నాడన్నమాట. కాక్‌పిట్ వెనుక శరీరం ఒక్కసారిగా సన్నబడి నడుములా కనిపించడం కూడా సింగారం కాదు. గాలి రాసుకునే ఉపరితలం తగ్గించడానికి అలా చేస్తారు.

కానీ కన్ను అక్కడితో ఆగదు, అవసరానికి మించి మార్కులు వేస్తుంది. దీర్ఘవృత్తంలా వంపు తిరిగిన రెక్కను చూసి ఇప్పటికీ నిట్టూర్చేవాళ్లున్నారు. పొడవు ఇంత అని కట్టేసినప్పుడు, ఎత్తే బలం రెక్క వెంబడి దీర్ఘవృత్తాకారంగా పంచుకుంటే లాగుడు అతి తక్కువగా ఉంటుందని జర్మన్ శాస్త్రవేత్త లుడ్విగ్ ప్రాంట్ల్ బృందం మొదటి ప్రపంచ యుద్ధ కాలంలోనే చూపింది. అయితే రెండు మూడు చోట్ల కోణం మార్చి సన్నబరిచిన తిన్నటి అంచుల రెక్క కూడా దాదాపు ఆ ఫలితాన్నే ఇస్తుంది. దాన్ని చేయడం తేలిక, ఖర్చు తక్కువ. కన్ను ఆ వంపుకు ఇచ్చే బహుమతి పెద్దది, గాలి ఇచ్చేది నామమాత్రం.

వెనక్కి వాలిన రెక్క ఇంకా పెద్ద భ్రమ. ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చదివే కుర్రవాళ్లను గ్లైడర్ బొమ్మ గీయమంటే యుద్ధవిమానంలా రెక్కలు వెనక్కి వాల్చి గీసేవాళ్లు తప్పకుండా ఉంటారు. ధ్వనివేగానికి దగ్గరగా పోయే విమానాలకు ఆ వాలు అవసరం. గంటకు వంద, నూట యాభై కిలోమీటర్ల వేగంతో తేలే గ్లైడర్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు. తోకలేని గ్లైడర్లు నిలకడ కోసం వాలు పెట్టుకుంటాయి, అది వేరే లెక్క. మామూలు గ్లైడర్ మీద ఆ వాలు జెట్ విమానాల నుంచి అరువు తెచ్చుకున్న వేగపు వేషం మాత్రమే. దీనికి పూర్తి ఎదురుగా జర్మన్ శిక్షణ గ్లైడర్ ఏఎస్‌కే-13 రెక్కలు కొంచెం ముందుకు వాలి ఉంటాయి. మొదటిసారి చూసినవాళ్లకు అది వింతగా తోస్తుంది. వెనుక సీటులో కూర్చున్న శిక్షకుడికి చూపు ఆనాలి, బరువు తూకం కుదరాలి, అందుకే ఆ వాలు.

ఇక జిగ్‌జాగ్ పట్టీ. కొన్ని రెక్కల మీద ఒక చోట రంపపు పళ్లలా కత్తిరించిన సన్నటి టేపు అంటిస్తారు. నున్నటి రెక్క మీద ఎవరో పిల్లవాడు అంటించిపోయినట్లుంటుంది. సాఫీగా పోయే గాలి పొర రెక్క నుంచి విడిపోయి బుడగ కట్టబోయే చోట దాన్ని కావాలనే కాస్త చెదరగొడితే, అది తిరిగి రెక్కకు అంటిపెట్టుకుంటుంది, మొత్తంమీద లాగుడు తగ్గుతుంది. నునుపే అందమని నేర్చుకున్న కంటికి ఈ పట్టీ మింగుడుపడదు. గాలికి మాత్రం అదే ఇష్టం.

నిన్నటి విజేతే నేటి అందగాడు

నా ఉద్దేశంలో గ్లైడర్ అందం గురించి చెప్పుకోవలసిన అసలు మాట ఇది. మన కంటికి పుట్టుకతో తెలిసిన గ్లైడర్ రూపం ఏదీ లేదు. ఒక తరంలో బాగా ఎగిరి గెలిచిన గ్లైడర్లే ఆ తర్వాతి తరానికి అందమంటే ఏమిటో నేర్పుతాయి. అందుకే అందం శాస్త్రం వెంటే నడుస్తుంది, కాకపోతే కొన్నేళ్లు ఆలస్యంగా.

మొదటి గురువు పక్షి. 1890లలో జర్మనీలో ఒట్టో లిలియెంతాల్ కొంగల రెక్కలను ఏళ్ల తరబడి పరిశీలించి, విల్లో కర్రలకు గుడ్డ కట్టి, సుమారు రెండు వేల సార్లు గుట్టల మీది నుంచి తేలాడు. 1896 ఆగస్టులో అలాంటి ఒక ప్రయాణంలో పడి మర్నాడు చనిపోయాడు. ఆయన యంత్రాలు పక్షిలా, గబ్బిలంలా ఉండేవి. అప్పటికి ఎగిరే వస్తువు అలాగే ఉండాలి, మరో నమూనా లేదు.

తర్వాతి పాఠశాల వాసర్‌కుప్పె కొండ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ మీద ఇంజను విమానాల విషయంలో ఆంక్షలు పడటంతో అక్కడి యువత గ్లైడర్ల వైపు మళ్లింది. 1920 నుంచి ఆ కొండ మీద పోటీలు మొదలయ్యాయి. 1930లో అలెగ్జాండర్ లిప్పిష్ రూపొందించిన ఫాఫ్నిర్, 1935లో వచ్చిన మినిమోవా రెక్కలు సముద్రపు కాకి రెక్కల్లా మొదట్లో పైకి లేచి, తర్వాత చదునుగా సాగేవి. రెక్క చివరలు నేలకు తగలకుండా ఉంటాయని, మలుపుల్లో నిలకడ పెరుగుతుందని అప్పటివాళ్ల వాదన. పనితనం అపారం, ఖర్చు కూడా అంతే. ఆ వంపుతో కలిగే లాభం దాని ఖర్చుకు తగదని తేలాక యుద్ధానంతర గ్లైడర్లలో అది దాదాపు మాయమైంది. అయినా గ్లైడర్లన్నిటిలోకీ అందమైనది ఏదని అడిగితే మినిమోవా పేరు చెప్పేవాళ్లు నేటికీ ఎందరో ఉన్నారు. ఎండకు గుడ్డ పొర వెలిగి లోపలి కర్ర పక్కటెముకలు కనిపించే ఆ రెక్కను చూస్తే వాళ్లను తప్పుపట్టబుద్ధి కాదు.

1957లో ఈ బడి మొత్తం మారిపోయింది. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో రిచర్డ్ ఎప్లర్, హెర్మన్ నేగెలె రూపొందించిన ఫీనిక్స్ గాజునారతో (ఫైబర్‌గ్లాస్‌తో) చేసిన మొదటి గ్లైడర్. కర్ర, గుడ్డలతో సాధ్యంకాని నునుపు, కచ్చితమైన రెక్క ఆకృతి గాజునారతో సాధ్యమయ్యాయి. గ్లైడ్ నిష్పత్తి 40 దరిదాపులకు చేరింది. ఆ దారిలోనే 1960లలో లిబెల్, సిర్రస్ వంటివి వచ్చాయి. అప్పటి నుంచి గ్లైడర్ అంటే తెల్లగా, నున్నగా, సన్నగా ఉండేదే అయింది.

ఆ తెలుపు సంగతి సరదాగా ఉంటుంది. దాన్ని చూసి హంస అంటారు, స్వచ్ఛత అంటారు, కవిత్వం చెబుతారు. అసలు కారణం ఎండ. గాజునారను పట్టి ఉంచే రెజిన్ ఒక వేడి దాటితే మెత్తబడుతుంది. ముదురు రంగు వేసిన రెక్క ఎండలో ఆ వేడికి త్వరగా చేరువవుతుంది. తెల్లరంగు ఎండను తిప్పికొడుతుంది. మే నెలలో హైదరాబాద్‌లో నల్ల కారు బానెట్ మీద చెయ్యి పెట్టి చూసినవాళ్లకు ఇంకా వివరించనక్కర్లేదు. నిర్బంధంగా వేసిన రంగు ఒక తరం గడిచేసరికి అభిరుచి అయిపోయింది. ఇప్పుడు ఎరుపు గ్లైడర్ కనిపిస్తే పాత కర్రదేమో అనుకుంటాం.

రెక్క చివర నిలువుగా లేచే చిన్న రెక్కల కథా ఇంతే. పోటీల్లో రెక్క పొడవును 15 మీటర్లకు పరిమితం చేసిన తరగతుల్లో ఇవి ఉపయోగపడవచ్చని 1980లలో కొందరు ప్రయత్నించారు. తొలి ఫలితాలు నిరాశపరిచాయి, నిదానంగా తిరిగేటప్పుడు వచ్చిన లాభం వేగంగా పోయేటప్పుడు పోయేది. అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మార్క్ మామర్, ఆయనతో కలిసి పనిచేసిన పీటర్ మసాక్ వంటివారు వాటి ఆకృతిని సరిదిద్దిన తర్వాతే 1990లలో అవి స్థిరపడ్డాయి. మొదట్లో అతుకులా కనిపించిన ఆ చిన్న రెక్క ఇప్పుడు లేకపోతే గ్లైడర్ బోసిగా తోస్తుంది.

మనస్తత్వ శాస్త్రంలో దీనికి గట్టి ఆధారమే ఉంది. అర్థం తెలియని పదాలైనా, గుర్తులైనా పదే పదే కంటపడితే మనుషులకు వాటి మీద ఇష్టం పెరుగుతుందని 1968లో రాబర్ట్ జాయన్స్ చూపాడు. పారిశ్రామిక రూపకర్త రేమండ్ లోవీ తన వృత్తిలో ఇదే సత్యాన్ని మరో వైపు నుంచి చెప్పాడు: జనం కొత్తదనం కోరుకుంటారు, కానీ జీర్ణించుకోగలిగినంత మేరకే, కాబట్టి ఆ హద్దు చివరి అంచు దాకా వెళ్లి ఆగాలి. గ్లైడర్ల చరిత్రలో నిలిచినవన్నీ దాదాపు ఆ అంచు మీద నిలిచినవే.

ఇంకో పరిశోధన ఈ చర్చకు బాగా పనికొస్తుంది. 1995లో జపాన్‌లో కురోసు, కషిమురా అనే ఇద్దరు ఏటీఎం తెరల అమరికలను రకరకాలుగా మార్చి చూపించారు. వాడకానికి ఏది తేలికో జనం చెప్పిన తీర్పు నిజమైన సౌలభ్యం కంటే, చూడటానికి ఏది బాగుందన్న దానితోనే ఎక్కువగా ముడిపడింది. జపాన్‌వాళ్లు అందానికి ప్రాణమిస్తారు కాబట్టి అలా జరిగి ఉంటుందని ఇజ్రాయెల్‌కు చెందిన నోమ్ ట్రాక్టిన్‌స్కీ అనుమానించి, తన దేశంలో అదే ప్రయోగం చేశాడు. అక్కడ ఆ ముడి ఇంకా బిగువుగా కనిపించింది. గ్లైడర్‌ను చూసి ‘ఇది తేలిగ్గా నడిచేలా ఉంది’ అని ఎవరైనా అన్నప్పుడు, ఆ మాటలో ఎంత భాగం కంట్రోలు కర్ర గురించో, ఎంత భాగం ముక్కు వంపు గురించో అనేవారికే తెలియదు.

పొట్టి రెక్కలు రెండు, తలరాతలు రెండు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. అంతర్జాతీయ గ్లైడింగ్ సంఘం 1989లో ఒక ఆలోచన చేసింది. గ్లైడర్లు ఖరీదైపోతున్నాయి, పోటీల్లో డబ్బున్నవాడిదే పైచేయి అవుతోంది. అందరూ ఒకే నమూనా నడిపితే, అది చవకగా, సురక్షితంగా ఉంటే, నైపుణ్యమే గెలుస్తుంది. ప్రపంచం నలుమూలల నుంచి నమూనాలు ఆహ్వానించి, ఎగరేసి చూసి, వార్సా సాంకేతిక విశ్వవిద్యాలయం రూపొందించిన పీడబ్ల్యూ-5ను ఎంపిక చేశారు. 13.44 మీటర్ల రెక్క, లోపలికి ముడుచుకోని చక్రం, కురచ శరీరం. 1997లో టర్కీలో ఆ తరగతికి తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. ఉద్దేశం మంచిది, వస్తువు నిజాయితీగా చేసింది. కొనేవాళ్లు మాత్రం ఆశించినంతగా రాలేదు. కొన్నేళ్లకు ఆ తరగతే రద్దయి, దాని స్థానంలో 13.5 మీటర్ల తరగతి వచ్చింది.

‘చూడటానికి బాగాలేదు, అందుకే అమ్ముడుపోలేదు’ అనేది దీని గురించి తరచు వినిపించే వివరణ. అది తేలికైన వివరణ, కాబట్టే నాకు దాని మీద అనుమానం. ష్వైజర్ 1-26 రెక్క ఇంకా పొట్టి, 12.2 మీటర్లే. శరీరం డబ్బాలా ఉంటుంది, చక్రం అందులోనూ ముడుచుకోదు. అందరూ ఒకే నమూనా నడిపే పోటీ అనే ఆలోచన కూడా రెండింటికీ ఒకటే. అయినా 1-26లు సుమారు ఏడు వందలు తయారయ్యాయి. పీడబ్ల్యూ-5ను ముంచింది పొట్టితనమే అయితే ఇది అంతకుముందే మునగాలి.

తేడా రూపంలో లేదు, కాలంలో ఉంది. 1954లో 1-26 వచ్చినప్పుడు దాన్ని కొన్నవాళ్లు అంతకుముందు నడిపినవి చాలావరకు యుద్ధం మిగిల్చిన బరువైన శిక్షణ గ్లైడర్లు. వాళ్లకు ఇది ఒక మెట్టు పైకి. భాగాలు తెచ్చుకుని ఇంట్లోనే బిగించుకునే వీలుండేది. అలా బిగించుకున్నవాడికి ప్రతి రివెట్టూ పరిచయమే, దాని పక్కన తన ఇంటివాళ్లు నిలబడిన జ్ఞాపకమూ ఉంటుంది. పీడబ్ల్యూ-5 వచ్చేసరికి శిక్షణ గ్లైడర్లే గాజునారతో తయారవుతున్నాయి. 1979లో వచ్చిన ఏఎస్‌కే-21 ఇద్దరిని మోస్తూ 34 నిష్పత్తితో ఎగురుతుంది. అందులో నేర్చుకున్న విద్యార్థి సొంతానికి 32 నిష్పత్తి ఉన్న ఒంటరి సీటు గ్లైడర్ ఎందుకు కొంటాడు? పైగా ఆ డబ్బుకు, ఒక్కోసారి ఇంకా తక్కువకు, చేతులు మారిన లిబెల్ దొరికేది. దాని నిష్పత్తి 38, అందం సరేసరి. నేల మీద నిలబడ్డ పీడబ్ల్యూ-5ను చూసి ‘వికారంగా ఉంది’ అన్నవాళ్ల మనసులోని అసలు మాట ‘నేను దాటి వచ్చినదానిలా ఉంది’ అని నాకనిపిస్తుంది. కన్ను ఫిర్యాదు చేసింది ఆకారం గురించి కాదు, హోదా గురించి. సొంత డబ్బు పెట్టి ఒక మెట్టు కిందికి దిగడానికి మనుషులు ఇష్టపడరు, ఆ అయిష్టాన్ని ‘అందంగా లేదు’ అని చెప్పుకోవడం గౌరవంగా ఉంటుంది.

దీనికి సాక్ష్యం ఆ తర్వాతి కాలమే ఇచ్చింది. కొత్త 13.5 మీటర్ల తరగతిలో వస్తున్న గ్లైడర్లూ పొట్టి రెక్కవే. కానీ చక్రం లోపలికి ముడుచుకుంటుంది, ముక్కు సన్నగా ఉంటుంది, రెక్క చివర్లు తీర్చిదిద్ది ఉంటాయి, చాలావాటిలో సొంతంగా పైకి లేవడానికి విద్యుత్ మోటారు ఉంటుంది. వాటిని చూసి ‘ముచ్చటగా ఉన్నాయి’ అంటున్నారు. పొడవు దాదాపు అదే. చూసేవాడికి అవి రాబోయేదానిలా కనిపిస్తున్నాయి.

మన దేశంలోనూ ఈ చర్చకు ఒక ఉదాహరణ ఉంది. పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రం 1950ల చివరి నుంచి సొంత గ్లైడర్లు రూపొందించింది. పేర్లు పంచాంగం తెరిచి పెట్టినట్లుంటాయి: అశ్విని, రోహిణి, కార్తీక్, మృగశీర్ష. ఎస్. రామామృతం రూపొందించిన రోహిణి 1961లో ఎగిరింది, ఎన్‌సీసీ దళాల శిక్షణకు వెళ్లింది. అందులో శిక్షకుడు, విద్యార్థి ఒకరి వెనుక ఒకరు కాక పక్కపక్కన కూర్చుంటారు. దానివల్ల ముందు భాగం వెడల్పయింది, సన్నటి నడుము ఆశించే కంటికి అది లావుగా కనిపిస్తుంది, గాలి లాగుడు కూడా పెరుగుతుంది. కానీ మొదటిసారి నేల వదిలిన పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి పక్కనే ఒక మనిషి ఉన్నాడన్న భరోసా ఏ పట్టికలోనూ కనిపించని సుగుణం. శిక్షకుడికి విద్యార్థి చేతులు, ముఖం కనిపిస్తాయి. ఉద్వేగం అనగానే మోజు, వ్యామోహం అనుకుంటాం. భయం కూడా ఉద్వేగమే, దాన్ని తగ్గించేలా గీసిన గ్లైడర్‌కు ఆ ఖాతాలో మార్కులు పడాలి.

కంటికి అధికారం లేని చోట్లూ ఉన్నాయి, వాటిని దాటవేయకూడదు. చెకోస్లొవేకియాలో 1956లో తొలిసారి ఎగిరిన ఎల్-13 బ్లానిక్ నిగనిగలాడే అల్యూమినియం గ్లైడర్. రెండున్నర వేలకు పైగా తయారై, ఎన్నో దేశాల్లో వేలమందికి మొదటి పాఠం నేర్పింది. 2010 జూన్‌లో ఆస్ట్రియాలో ఒకదాని రెక్క గాలిలోనే విరిగింది. ప్రధాన దూలంలో లోహం అలసి పగిలిందని తేలడంతో ప్రపంచవ్యాప్తంగా వాటిని నేలకు కట్టేశారు. తళతళలాడే రేకు కింద అలసట ఎవరికీ కనిపించలేదు. అభిమానం అక్కడ ప్రమాదకరం కూడా: పాతికేళ్లుగా నమ్మిన గ్లైడర్‌ను అనుమానంగా చూడటానికి మనసు రాదు. ఇందుకు మరో కొస 1987లో గెర్హార్డ్ వైబెల్ రూపొందించిన ఏఎస్‌డబ్ల్యూ-24. కూలినప్పుడు పైలట్‌ను కాపాడేలా కాక్‌పిట్‌ను ప్రత్యేకంగా బలపరిచిన తొలి గ్లైడర్లలో ఒకటి. ఆ గొప్పదనమంతా గోడల లోపలే ఉంది, ప్రదర్శనలో నిలబెడితే ఎవరి కంటికీ ఆనదు.

అతి శుభ్రమైన ఆకారం కూడా మోసం చేయగలదు. జర్మనీలో హోర్టెన్ సోదరులు 1930ల నుంచి తోకా శరీరమూ లేకుండా ఉత్త రెక్కనే ఎగరేశారు. కాగితం మీద అంతకంటే నిర్మలమైన రూపం లేదు, అనవసరమైనదేదీ మిగలలేదు. కానీ తోక చేయాల్సిన పనిని రెక్కే చేయాలంటే దాన్ని మెలితిప్పాలి, అందుకు ఎత్తే బలంలో కొంత వదులుకోవాలి. శరీరాన్ని తీసేసి మిగిల్చుకున్నదాన్ని అలా తిరిగి చెల్లించవలసి వచ్చింది. నేటి ప్రపంచ పోటీల్లో గెలిచేవి తోక ఉన్నవే. హోర్టెన్ బొమ్మలు మాత్రం ఇప్పటికీ గోడల మీద వేలాడుతుంటాయి.

ఇప్పుడు ఈ పాఠం మళ్లీ మొదలైంది. గాలి దొరకనప్పుడు దిగిపోకుండా ఉండటానికి చిన్న విద్యుత్ మోటారును ముక్కులోనే పెట్టి, దాని పంకా రెక్కలు ముక్కు పక్కలకు అతుక్కునేలా మడుస్తున్నారు. ఏళ్ల తరబడి నునుపుగా తీర్చిన ముక్కు మీద అవి మీసాల్లా కనిపిస్తాయి. పాతవాళ్లు ముఖం చిట్లిస్తున్నారు, లాగుడు ఎంత పెరిగిందో కొలిచి వాదిస్తున్నారు. అది కొద్దిగానే. పొలంలో దిగి గంటల తరబడి ట్రైలర్ కోసం ఎదురుచూసే బాధ తప్పడం దానికి బదులుగా దక్కేది. ఆ మోటారుతోనే నేర్చుకుంటున్న కుర్రవాళ్లకు అది ముక్కులో భాగం, అంతే.

చిన్న గ్లైడర్లు ఎగరేసే మన శివారు మైదానాల్లో ఈ గొడవ ఇంకాస్త సూటిగా ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు పెద్ద గ్లైడర్లలాగే అచ్చమైన తెలుపు కోరుకుంటారు. ఏప్రిల్ ఆకాశం ఇక్కడ నీలంగా ఉండదు, పాలిపోయిన తెలుపుగా ఉంటుంది. రెండు మీటర్ల తెల్ల రెక్క వేడిగాలిలో మూడు వందల మీటర్లు ఎక్కాక అది ఎటు వాలిందో, వస్తోందో పోతోందో నేల మీది కంటికి తెలియదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు రెక్క అడుగున నల్లటి అడ్డపట్టీలు వేస్తారు, పైన ఎరుపో నారింజో పులుముతారు. అందాన్ని పాడుచేశారని కొత్తవాళ్లు రెండు మూడు వారాలు గొణుగుతారు. ఆ తర్వాత టేపు ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు.